నోట్లో ఉండే బాక్టీరియా అమ్మ గుండె వాల్వు దాకా ఎట్లా పోయింది? పన్ను పీకించుడు నా తప్పేనా?

పెద్దకొడుకు_నల్గొండ అడిగారు:

అందరికీ నమస్కారం. హాస్పిటల్ వరండాలో కూర్చుని రాస్తున్న, తప్పులుంటే ఏమనుకోకండి.

మా అమ్మకి 52 ఏళ్ళు. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. నాట్లకి, కలుపుకి పోయే మనిషి. పదిహేనేళ్ళ కింద ఆయాసం వస్తుందని చూపిస్తే గుండెలో రక్తం పోయే తలుపు ఒకటి, మైట్రల్ వాల్వు అంటరు, అది సన్నబడ్డది, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి ఉంటది అన్నరు. అప్పటినుంచి గోలీలు వాడుతుంది. పనుల రోజుల్లో మర్చిపోతది, మళ్ళీ మొదలుపెడతది.

కార్తీకమాసంలో కింది దవడ పన్ను నొప్పితో రెండు రాత్రులు నిద్రపోలేదు. నేనే బండి మీద ఎక్కించుకుని పోయి పీకించిన. గుండె జబ్బు ఉన్నదని అక్కడ చెప్పలేదు. పన్నుకి, గుండెకి ఏం సంబంధం ఉంటదని నాకు తోచనే లేదు. పది పన్నెండు రోజులకి సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుడు మొదలైంది. పెద్ద జ్వరం కాదు, 99, 100. తెల్లారేసరికి చెమటకి దిండు తడిసిపోయేది. ఊర్లో ఆర్‌ఎంపీ మూడు రోజులు సూదులిచ్చిండు, సెలైన్ పెట్టిండు. తగ్గింది, మళ్ళీ వచ్చింది. టౌన్‌లో వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నరు, పది రోజుల మందులు రాసిన్రు. తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఏడు వారాలు ఇట్లనే గడిచినయి. జాకెట్లన్నీ వదులైపోయి పిన్నీసులు పెట్టుకునే దాకా వచ్చింది.

ఆఖరికి హైదరాబాద్ తీసుకొస్తే ఇక్కడ గుండె డాక్టరు ముందు అమ్మ గోళ్ళు చూసిండు. తర్వాత పొట్ట నొక్కి చూసి, మూడు చోట్ల నుంచి రక్తం తీయించి, ఎకో అనే గుండె స్కాన్ చేయించిండు. ఎండోకార్డైటిస్ అన్నరు, అంటే గుండె వాల్వుకి క్రిమి పట్టుడట. వాల్వు మీద 9 మిల్లీమీటర్ల ముద్ద ఉన్నదట. రక్తంలో 'స్ట్రెప్టోకాకస్ మైటిస్' పెరిగిందట. అది అందరి నోట్లో ఉండేదే, మామూలుగా ఎవరినీ ఏమీ చేయదు అన్నరు. నాలుగు వారాలు రోజూ నరానికి ఇంజెక్షన్ ఇవ్వాలె అన్నరు. ఇయ్యాల ఆరో రోజు. నాలుగో రోజు నుంచి జ్వరం లేదు, అమ్మ అన్నం కూడా తింటుంది.

నాకు అర్థం కానివి చెబుత. ఏమీ చేయని క్రిమి మా అమ్మనే ఎందుకు పట్టింది? నేను పన్ను పీకించకపోతే ఇది వచ్చేది కాదా? మా చిన్నమ్మ ఏమో రోజూ వేపపుల్లతో చిగుళ్ళు పొడుచుకుంటది కాబట్టే వచ్చింది, ఇక పళ్ళు తోమొద్దు అంటుంది. ఇంకోటి, జ్వరం పోయింది కదా, మిగతా ఇంజెక్షన్లు ఊర్లో వేయించుకుంటం, ఇంటికి పోదాం అని చుట్టాలందరూ నా మీద పడుతున్నరు. ఎవరికైనా ఇది వచ్చి తగ్గిందా? దయచేసి చెప్పండి.

లెక్కల_టీచర్_తణుకు:

తమ్ముడూ, నేను డాక్టర్ని కాదు. తణుకు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మీ అమ్మగారికి వచ్చిన జబ్బే 2017లో నాకూ వచ్చింది. 28 రోజులు ఇంజెక్షన్లు చేయించుకుని లేచాను. కాస్త పొడుగ్గా రాస్తాను, నిదానంగా చదవండి.

ముందు మీ చివరి ప్రశ్న. జ్వరం పోయిందని ఇప్పుడే ఇంటికి తీసుకెళ్ళకండి. నేనూ అయిదో రోజుకే ఇంటికి పంపమని గొడవ చేశాను. అప్పుడు మా డాక్టరుగారు ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ గీసి చూపించారు. వాల్వు మీద ఆ ముద్ద ఉత్త చీము కాదు. రక్తం గడ్డకట్టేటప్పుడు వచ్చే ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ అనే నార, వాటి మధ్య క్రిములు, ఇలా పొర మీద పొర కట్టుకుని ఉంటుంది. వాల్వుకి సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు కాబట్టి ఒంట్లో తెల్లకణాలు ఆ ముద్ద లోపలికి చేరలేవు. పని మొత్తం మందే చేయాలి. పైగా లోపలి పొరల్లో క్రిములు మెల్లగా, దాదాపు పెరక్కుండా ఉంటాయి. పెన్సిలిన్ జాతి మందులేమో పెరుగుతున్న క్రిమినే బాగా చంపుతాయి. గొంతునొప్పికి వారం పది రోజులు చాలే మందు ఇక్కడ నాలుగు వారాలు కావలసింది అందుకే. మధ్యలో ఆపితే పైపొర క్రిములు చస్తాయి, అడుగున ఉన్నవి మళ్ళీ మొదలుపెడతాయి. ఏడు వారాలుగా అమ్మగారికి జరుగుతున్నది అదే. సూదులకి తగ్గడం, ఆపగానే రావడం.

ఇప్పుడు నా సంగతి. నాకు పదకొండేళ్ళప్పుడు గొంతునొప్పి వచ్చి, ఆ తర్వాత మోకాళ్ళు, మోచేతులు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. మా నాయనమ్మ ఆముదం కాచి రాసింది, వాపులు పోయాయి, అందరం మర్చిపోయాం. పాప కడుపున పడిన ఏడో నెలలో పడుకుంటే ఊపిరాడక కూర్చుని నిద్రపోయేదాన్ని. అప్పుడు బయటపడింది, మైట్రల్ వాల్వు సన్నబడిందని. 27వ ఏట తొడ దగ్గర నరంలోంచి బెలూన్ పంపించి వాల్వు వెడల్పు చేశారు. 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షను 40 ఏళ్ళ దాకా చేయించుకున్నాను.

2017 జూలైలో, బడులు తెరిచి నెల కాలేదు, ఆఖరి పీరియడ్‌లో వణుకు మొదలైంది. ఇంటికొచ్చి చూస్తే 99.8. పొద్దున 98.4. ఏమీ లేనట్టే ఉండేది. నాకు ఏదైనా అంకె కనబడితే రాసుకోవడం అలవాటు. పాత మార్కుల రిజిస్టరులో రోజుకి నాలుగుసార్లు టెంపరేచరు రాయడం మొదలుపెట్టాను. టైఫాయిడ్ అన్నారు, పది రోజుల మాత్రలు. మూడో రోజుకి తగ్గింది, ఆపిన నాలుగో రోజుకి వచ్చింది. వైరల్ అన్నారు, ఇంకో అయిదు రోజుల మాత్రలు. తగ్గింది, వచ్చింది. తర్వాత కీళ్ళనొప్పులు, రక్తం తక్కువ, ఒంట్లో ఏదో జబ్బు రగులుతోందని చెప్పే ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష 90 దాటింది. టీబీ ఏమో అన్నారు. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను.

రాసుకున్న అంకెలన్నీ ఒక ఆదివారం గ్రాఫు కాగితం మీద పెట్టాను. అడుగున రోజులు, నిలువున జ్వరం, మందులు వాడిన రోజులకి ఎర్ర గీత. చూస్తే మూడు కొండలు, మూడు లోయలు. ఎర్ర గీత ఉన్నచోటల్లా లోయ, గీత ఆగిన నాలుగైదు రోజులకల్లా కొండ. మందులు జబ్బుని తగ్గించడం లేదు, కప్పిపెడుతున్నాయి అని నాకు ఆ కాగితం చూశాకే తెలిసింది.

అదే వారం కుడిచేతి చూపుడువేలి కొస మీద శనగగింజంత ఎర్రటి గడ్డ లేచింది. ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. సుద్దముక్క పట్టుకోలేక ఎడమచేత్తో బోర్డు మీద రాశాను. రెండు గోళ్ళ కింద సన్నటి నల్లగీతలు. బల్ల పేడు గుచ్చుకుందేమో అనుకుని సూదితో తీయబోయాను. ఆ నొప్పిగడ్డని ఆస్లర్ నోడ్ అంటారట. గోళ్ళ కింద గీతలు కూడా ఈ జబ్బులో రావచ్చట. మీ డాక్టరుగారు ముందు గోళ్ళు చూశారంటే ఇవే వెతికారు, సరైన చేతుల్లో పడ్డారు మీరు.

నా పాత గుండె డాక్టరుగారికి ఆ గ్రాఫు చూపించాను. ఆయన అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. స్టెతస్కోపు పెట్టి విని, "వెంటనే మందులన్నీ ఆపండి, జ్వరం వస్తే రానివ్వండి" అన్నారు. నాకు పరిస్థితి నిలకడగా ఉంది కాబట్టి అలా ఆపగలిగారు, ఆయాసం అదీ ఉన్నవాళ్ళకి ఆగకుండా మొదలుపెట్టేస్తారట. నాలుగు రోజులు ఆగి, గంటల తేడాతో మూడు చోట్ల నుంచి రక్తం తీశారు. అందులో స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ పెరిగింది. మీ అమ్మగారి మైటిస్‌కి దగ్గరి చుట్టం. గొంతులోంచి గొట్టం వేసి చేసే ఎకోలో 8 మిల్లీమీటర్ల ముద్ద కనబడింది.

ఇప్పుడు మీరు రాత్రుళ్ళు నిద్రపోకుండా ఆలోచిస్తున్న సంగతి. డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి మాట, "ఈమధ్య పన్ను పీకించారా?" లేదు సార్, అసలు పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్ళలేదు అన్నాను. "పళ్ళు తోముకుంటే రక్తం వస్తుందా?" అని అడిగారు. ఏడాదిన్నరగా వస్తోంది! పొద్దున్న ఉమ్మితే ఎర్రగా ఉండేది. ఉప్పునీళ్ళు పుక్కిలించి బడికి పోయేదాన్ని. నేను ఏ పన్నూ పీకించుకోలేదు, అయినా నాకు వచ్చింది. చిగుళ్ళు పాడైనప్పుడు గట్టిగా నమిలినా, బ్రష్ చేసినా కాసిని క్రిములు రక్తంలోకి వెళ్తాయి. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అవి నిమిషాల్లో తుడిచిపెట్టుకు పోతాయి. సన్నబడ్డ వాల్వులోంచి రక్తం చిమ్మినట్టు జోరుగా పోతుంది, ఆ జోరుకి వాల్వు మీద పొర గరుకుగా అవుతుంది, అక్కడ ప్లేట్‌లెట్లు పేరుకుంటాయి. ఈ నోటి క్రిములకి అతుక్కోవడమే విద్య. నోట్లో పళ్ళ మీద గారలా అతుక్కుని బతికేవి ఇవే కదా. పంటి మీద ఏ జిగురుతో అతుక్కుంటాయో వాల్వు మీద గరుకుచోట కూడా అలాంటి జిగురుతోనే అతుక్కుంటాయట.

కాబట్టి తమ్ముడూ, మీరు ఆ రోజు అమ్మని తీసుకెళ్ళడం తప్పు కాదు. పుచ్చిన పన్నుని అలాగే ఉంచితే అది రోజూ క్రిముల్ని రక్తంలోకి పంపుతూనే ఉండేది. ఆ పన్ను ఎప్పుడైనా పోవలసిందే. గుండె జబ్బు సంగతి చెప్పి ఉంటే బాగుండేది, అంతవరకే. ఆ చెప్పవలసిన సంగతి పదిహేనేళ్ళలో మీకు ఎవరైనా చెప్పారా? నాకూ ఎవరూ చెప్పలేదు.

ఇంకో గందరగోళం కూడా తీర్చేస్తాను, నన్ను చాలా రోజులు వేధించింది. నలభై ఏళ్ళకి పెన్సిలిన్ ఇంజెక్షను ఆపడం వల్లే వచ్చిందా అని అడిగాను. కాదన్నారు. రెండూ స్ట్రెప్టోకాకస్‌లే అయినా వేరు వేరు. చిన్నప్పుడు గొంతు పాడుచేసేది ఒకటి. అది వాల్వు మీద కూర్చోదు, దాన్ని ఎదిరించబోయి మన ఒళ్ళే పొరపాటున వాల్వుని గాయపరుస్తుంది. 21 రోజుల ఇంజెక్షను ఆ గొంతు క్రిమి మళ్ళీ రాకుండా. ఆ గాయం మీద యాభై ఏళ్ళకైనా వచ్చి స్వయంగా కూర్చునేది ఈ నోటి క్రిమి. ఇంజెక్షను దీన్ని ఆపడానికి ఇచ్చేది కాదు.

వార్డులో రెండో వారం ఒక పొద్దున్న నాకు ఎడమ డొక్కలో పొడిచినట్టు నొప్పి వచ్చింది. ముద్దలోంచి చిన్న తునక ఊడి రక్తంలో కొట్టుకుపోయి ప్లీహంలో (స్ప్లీన్) ఇరుక్కుందని స్కాన్‌లో తేలింది. ప్లీహం కాబట్టి బతికిపోయాను. నా పక్క మంచం మీద ముప్పై ఏళ్ళ అమ్మాయి ఉండేది, రొయ్యల షెడ్డులో పని. మూడు నెలలు జ్వరానికి సూదులు వేయించుకుంటూ తిరిగి తిరిగి వచ్చింది. వచ్చిన రెండో రోజు తునక మెదడుకి వెళ్ళింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. నాలుగేళ్ళ కొడుకు వస్తే వాడి పేరు పిలవలేక పెదాలు కదిపేది. ఆ అమ్మాయి మొహం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది, ఇంత పొడుగ్గా రాస్తున్నది ఆ అమ్మాయి కోసమే.

అందుకని ఈ వారాల్లో ఇవి కనిపెట్టుకుని ఉండండి. మాట తడబడటం, మూతి ఒక పక్కకి పోవడం, చెయ్యిగానీ కాలుగానీ బలం తప్పడం, చూపు తేడా, పడుకుంటే ఊపిరాడకపోవడం, డొక్కలో హఠాత్తుగా నొప్పి. అర్ధరాత్రైనా సరే నర్సుని లేపండి. మందు మొదలైన ఒకటి రెండు వారాలకి ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ గండం దాటాక, అంతా నిలకడగా ఉంటే, మీ డాక్టరే దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో రోజుకోసారి వేయించుకోమని పంపించవచ్చు. నన్ను పదహారో రోజున అలాగే పంపారు, సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు రోజుకొకసారి. కానీ ఆ మాట ఆయన చెప్పాలి, చుట్టాలు కాదు.

నాకు ఆపరేషన్ అవసరం పడలేదు. వాల్వులోంచి రక్తం వెనక్కి కారే లీకు మాత్రం కొంచెం పెరిగింది, ఆరు నెలలకోసారి ఎకో చేయించుకుంటున్నాను. కొందరికి వాల్వు చిరిగి గుండె అలిసిపోతే, లేదా మందులకి లొంగకపోతే ఆపరేషన్ చేస్తారు. దాని గురించి ఇప్పటినుంచీ భయపడకండి, వారం వారం ఎకోలో ముద్ద ఎంతుందో అడిగి రాసుకోండి.

ల్యాబు_బందరు:

టీచరుగారు అన్నీ చెప్పారు. నేను మైక్రోబయాలజీ ల్యాబులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నా. ఒకటే చెప్పాలనిపించింది.

మా దగ్గరికి వచ్చే బ్లడ్ కల్చర్ సీసాల్లో, అంటే రక్తంలో క్రిమిని పెంచి చూసే సీసాల్లో, ఎన్నో ఏమీ పెరగకుండా అలాగే ఉండిపోతాయి. రక్తం తీసేముందే రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ పడి ఉంటాయి. క్రిమి చావదు, సీసాలో పెరిగేంత ఓపిక ఉండదు. అప్పుడు డాక్టరు గుడ్డిగా మందు ఎంచుకోవాలి. మీ అమ్మగారికి పెరిగిందంటే అది నిజంగా అదృష్టం.

మూడు చోట్ల ఎందుకు తీస్తారంటే, చర్మం మీద ఉండే క్రిమి సూదితో పాటు ఒక సీసాలోకి రావచ్చు. వేరు వేరు చోట్ల తీసిన వాటన్నిట్లో ఒకటే క్రిమి పెరిగితే అది రక్తంలో తిరుగుతున్నదే. పెద్దవాళ్ళకి సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు పట్టాలి. ఇంత రక్తమా అని మనవాళ్ళు చెయ్యి లాక్కుంటారు, లాక్కోకండి. రక్తంలో ఈ క్రిములు పలచగా ఉంటాయి, తక్కువ తీస్తే దొరకవు.

సీసాలో పెరిగినదాన్ని రక్తం కలిపిన పళ్ళెం మీద రాస్తాం. మర్నాటికి చిన్న చిన్న చుక్కలు, చుట్టూ పచ్చటి వలయం. ఈ జాతికి 'విరిడాన్స్' అని పేరు ఆ పచ్చదనం వల్లే, లాటిన్ మాట. ఆ పచ్చరంగు చూసినప్పుడల్లా నాకు ఒక సంగతి గుర్తొస్తుంది. 1911 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో గుస్తావ్ మాలర్ అనే పెద్ద సంగీతకారుడికి ఇలాగే జ్వరం తగ్గకపోతే ఆయన రక్తం తీసి పెంచి చూశారు. స్ట్రెప్టోకాకస్ పెరిగింది. ఆయనకీ వాల్వు ముందునుంచే పాడై ఉంది. ఏం జబ్బో తెలిసింది, ఇవ్వడానికి మందు లేదు. మే 18న వియన్నాలో చనిపోయారు. పెన్సిలిన్ కనుక్కున్నది 1928లో, రోగులకి అందింది 1940లలో. అంతకుముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళలో బతికినవాళ్ళు దాదాపు లేరు. మీ అమ్మగారు ఆరో రోజుకి అన్నం తింటున్నారు.

రిపోర్టులో పెన్సిలిన్ పక్కన ఎంఐసీ అని ఒక అంకె ఉంటుంది, క్రిమి పెరగకుండా ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో చెప్పేది. 0.12 లేదా అంతకంటే తక్కువ ఉంటే మందు బాగా పనిచేస్తుందని అర్థం. ఎక్కువుంటే మందు మోతాదో, రకమో మారుస్తారు. ఆ కాగితం జిరాక్స్ తీసి దాచుకోండి.

పళ్ళ_డాక్టర్_ఓరుగల్లు:

నేను డెంటిస్టుని. మీ చిన్నమ్మగారికి చెప్పండి, పళ్ళు తోమడం మానేస్తే ఇంకా ప్రమాదం. తోమకపోతే గార పెరుగుతుంది, గార వల్ల చిగుళ్ళు వాస్తాయి, వాచిన చిగుళ్ళే క్రిములకి దారి. వేపపుల్ల చెడ్డదేం కాదు, కొసని బాగా నమిలి కుంచెలా చేసుకుని మెల్లగా రుద్దాలి. పొడవకూడదు. ఈ కొన్నాళ్ళు మెత్తటి బ్రష్ వాడితే మంచిది.

హాస్పిటల్లో ఉండగానే ఒకసారి నోరంతా చూపించండి. ఇంకా పుచ్చిన పళ్ళు, వేళ్ళ దగ్గర చీము ఉంటే ఇంజెక్షన్లు నడుస్తున్నప్పుడే వాటి సంగతి చూడటం మేలు.

మీ అపరాధ భావం గురించి ఒక మాట. 1935లోనే ఓకెల్, ఇలియట్ అనే ఇద్దరు పన్ను పీకిన వెంటనే రక్తం తీసి క్రిములు ఉన్నాయని చూపించారు. దాంతో చాలా ఏళ్ళు వాల్వు తేడా వల్ల గుండెలో అదనపు చప్పుడు (మర్మర్) ఉన్నవాళ్ళలో చాలామందికి పంటి పనికి ముందు యాంటీబయాటిక్ ఇచ్చేవాళ్ళం. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అలా ముందు మందు ఇవ్వవలసినవాళ్ళ జాబితాని బాగా కుదించింది. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ళు, ఇదివరకు ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె లోపాలు ఉన్నవాళ్ళు, గుండె మార్పిడి తర్వాత వాల్వు పాడైనవాళ్ళు, అంతే. కీళ్ళ జ్వరంతో పాడైన సొంత వాల్వు అందులో లేదు. మన దగ్గర ఇలాంటి వాల్వులు ఎక్కువ కాబట్టి చాలామంది గుండె డాక్టర్లు ఇప్పటికీ ఇమ్మంటారు, నేనూ అడిగి ఇస్తాను. కానీ ఆ రోజు మీరు గుండె జబ్బు సంగతి చెప్పినా, ఆ జాబితా ప్రకారం పోయే డాక్టరు మందు ఇవ్వకుండానే పీకి ఉండేవారు.

ఇకమీదట మాత్రం మీ అమ్మగారు ఆ జాబితాలోకి వచ్చేశారు. పన్ను పీకినా, గార తీసినా, చిగుళ్ళు కదిలించే ఏ పనైనా 30 నుంచి 60 నిమిషాల ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి, అంటే 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ నాలుగు. పెన్సిలిన్ పడనివాళ్ళకి వేరే జాతి మందు ఎంచుకోవాలి. 21 రోజుల పెన్సిలిన్ మీద ఉన్నవాళ్ళకి కూడా అంతే, ఎందుకంటే వాళ్ళ నోటి క్రిములు పెన్సిలిన్‌కి అలవాటు పడి ఉండవచ్చు. అందుకే ఏ ఇంజెక్షన్లు వాడుతున్నారో డెంటిస్టుకి చెప్పాలి. ఎక్స్‌రేకి, కట్టుడు పళ్ళ కొలతలకి ఇవేమీ అక్కర్లేదు.

పెద్దకొడుకు_నల్గొండ:

అందరికీ చేతులెత్తి మొక్కుతున్న. టీచరక్కా, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించిన. రొయ్యల షెడ్డు అమ్మాయి దగ్గర ఆపమని, కాసేపు కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదవమన్నది. ఆఖరున "నెల రోజులు ఇక్కడనే ఉంట, చుట్టాలకి చెప్పు" అన్నది. నాట్లు పడే టైమని ఆమెకి దిగులు, అయినా అన్నది.

ఇయ్యాల తొమ్మిదో రోజు. ఎంఐసీ చూసిన, 0.06 ఉంది. రేపు పళ్ళ డాక్టరు వార్డుకే వచ్చి చూస్తరట. చేతికి పెట్టిన సూది దగ్గర వాచి ఎర్రగా ఉంది, అది మామూలేనా? ఇంకా ఇంజెక్షన్లు అయిపోయి ఇంటికి పోయినంక ఏం చూసుకోవాలె?

లెక్కల_టీచర్_తణుకు:

సూది దగ్గర ఎర్రబడితే మామూలే అని ఊరుకోకండి, నర్సుకి చూపించి ఇంకో చేతికి మార్పించండి. నాకు మూడు నాలుగు రోజులకోసారి మార్చేవారు. ఉన్న ఇన్ఫెక్షన్ చాలు, సూది దారిన ఇంకోటి రాకూడదు.

ఇంటికి వెళ్ళాక ముఖ్యంగా చూసుకోవలసింది జ్వరం. ఈ జబ్బు ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం మామూలువాళ్ళకంటే ఎక్కువ. కాబట్టి అమ్మగారికి ఎప్పుడు జ్వరం వచ్చినా, పారాసెటమాల్ వేయండి గానీ, కల్చర్‌కి రక్తం ఇవ్వకుండా ఒక్క యాంటీబయాటిక్ మాత్ర, ఒక్క సూది కూడా పడనివ్వకండి. ఊళ్ళో ఆర్‌ఎంపీగారికి మీరే వెళ్ళి నెమ్మదిగా చెప్పండి, కోపంగా కాదు. ఆయన దగ్గరికి ఇలాంటి వాల్వు ఉన్నవాళ్ళు ఇంకెంతమంది వస్తుంటారో. ఒక చిన్న అట్టముక్క మీద "మైట్రల్ వాల్వు జబ్బు, ఎండోకార్డైటిస్ వచ్చి తగ్గింది" అని తెలుగులో రాసి, నెలా సంవత్సరం వేసి అమ్మ పర్సులో పెట్టండి. నా అట్టముక్క ఫోన్ కవరులో ఉంటుంది.

థర్మామీటరు ఒకటి కొనండి. ఇంజెక్షన్లు అయ్యాక మొదటి రెండు నెలలు రోజూ చూడండి. పొద్దున్న కాదు, పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, నాలుగున్నర, అయిదు మధ్య.

అమ్మ పక్కనే ఉన్నారుగా, మీరూ కాస్త తినండి.